రింగ్ మాడ్యులేటరూ, మా తాతయ్య హార్మనీ పెట్టే

మొన్న శ్రీరామనవమికి సాలూరు వెళ్ళినప్పుడు తాతయ్య భజనలో వాయించిన హార్మోనియం ఫోన్లో రికార్డు చేసుకొచ్చాను. ఓ చిన్న వీడియోకి నేపథ్యంగా పెడదామని, కాస్త వెరైటీగా ఉంటుందని రింగ్ మాడ్యులేటర్ తగిలించి ఆయనకి పంపాను. అరగంటలో ఫోను. "ఏట్రా ఇది, పెట్టెలో కందిరీగలు దూరినాయేటి?"

నిజంగానే అలా ఉంది. కానీ తప్పు ఎఫెక్టుది కాదు, నాది అని తర్వాత తెలిసింది. అదే చెబుదామని ఈ టపా.

రింగ్ మాడ్యులేషన్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. రెండు సిగ్నళ్ళని గుణించడమే, కోడ్ రాస్తే ఒక్క లైను. నాలుగు డయోడ్లని ఉంగరంలా కలిపి చేసేవారు కాబట్టి ఆ పేరు. మొదట్లో ఇది టెలిఫోను వాళ్ళ సరుకు, ఒకే తీగ మీద అనేక కాల్స్ పంపడానికి. గుణిస్తే ఏమవుతుందో ఇంటర్ ఎంపీసీలో అందరం బట్టీ పట్టాం: కాస్ ఎ ఇంటు కాస్ బి. మొత్తమూ తేడా వస్తాయి, అసలువి మాయమవుతాయి. ఎంసెట్ అయ్యాక ఆ సూత్రం నాకు అక్కరకొచ్చింది ఇప్పుడే :)

1963లో బీబీసీ వాళ్ళు 'డాక్టర్ హూ'లో డాలెక్ గొంతులకి దీన్నే వాడారు, 30 హెర్ట్జ్ తో. అప్పట్నుంచీ రోబో అన్నా దెయ్యం అన్నా ఇదే. మనవాళ్ళు షార్ట్ ఫిల్ముల్లో ఇంకా అక్కడే ఆగిపోయారు. స్టాక్‌హౌసెన్ 1970లో 'మంత్ర' అని రెండు పియానోలకి ఇదే పెట్టి గంటకి పైగా సంగీతం రాశాడు. ఆయన కారియర్ ని స్వరాన్ని బట్టి ఎంచుకున్నాడు. నేనేమో ప్లగిన్ లో ముందే ఉన్న 440ని ముట్టుకోలేదు. అదీ తేడా.

మన శ్రుతికి కలిపి చూద్దాం. లెక్క సులువుకోసం షడ్జమం 240 అనుకోండి, కారియర్ కూడా అదే. పంచమం 360. మొత్తం 600, అంటే పై స్థాయి అంతర గాంధారం! తేడా 120, కింది షడ్జమం. రీడులోని అనుస్వరాలు లెక్కేసినా అన్నీ 120కి గుణిజాలే. తంబూరాకి దూరపు చుట్టంలా మోగుతుంది. అన్ని స్వరాలూ ఇంత మర్యాదగా ఉండవు లెండి. మధ్యమం 320 తీసుకుంటే మొత్తం 560, అది మన పన్నెండు స్థానాల్లో ఎక్కడా కూర్చోదు.

అసలు కథ గాంధారం దగ్గరుంది. శుద్ధంగా అయితే 300, తేడా 60, రెండు స్థాయిల కింద షడ్జమం. కానీ పెట్టెలో గాంధారం సమస్థాయి శ్రుతిది, సుమారు 302.4. తేడా 62.4. పైన 14 సెంట్లున్న దోషం కిందకొచ్చేసరికి 68 సెంట్లయింది, ఒక స్వరస్థానంలో సగం కంటే ఎక్కువ! ఎందుకంటే ఇది నిష్పత్తుల్ని కాదు, హెర్ట్జ్ లని కాపాడుతుంది. చెవి సర్దుకుపోయే తప్పుని ఇది భూతద్దంలో చూపిస్తుంది.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో గానీ సడలించలేదు. చెప్పిన కారణాల్లో ఈ శ్రుతి ఒకటి, గమకం పలకకపోవడం ఇంకొకటి. మరి మా సాలూరులో? ఘంటసాలకి విజయనగరంలో సంగీతం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారిని సాలూరు చినగురువుగారనే అంటారు. ఆయన కుమారుడు సంగీతరావు గారు ఏళ్ళ తరబడి ఘంటసాల పక్కన హార్మోనియం వాయించారు. 2021లో, నూరేళ్ళ వయసులో పోయారు. అంత సంగీతం తెలిసినవాళ్ళు ఆ పెట్టెని అవతల పారేయలేదు.

అందుకే "ఎలక్ట్రానిక్ ఎఫెక్టులు మన సంగీతాన్ని పాడుచేస్తాయి" అనేవాళ్ళతో నాకు పేచీ. హార్మోనియం మాత్రం మన పెరట్లో కాసిందా? పాడుచేసేది శ్రుతి అడక్కుండా ప్రీసెట్ నొక్కడం. మైకు పెట్టేముందు "మీ శ్రుతెంతండీ" అని అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. (డిజిటల్ లో చేసేవాళ్ళకి ఇంకో మాట: ఓవర్‌శాంప్లింగ్ ఆన్ చెయ్యండి. 44,100 దగ్గర 15,000నీ 10,000నీ గుణిస్తే వచ్చే 25,000 మడతపడి 19,100గా తేలుతుంది.)

కారియర్ ని శ్రుతికి కలిపి మళ్ళీ పంపాను. "పంచమం బావుందిరా. గాంధారం కాడ మాత్రం ఏటో గొణుగుతన్నాది" అన్నారు. లెక్క చెప్పాను. ఆ రీడుని వేరు దగ్గర కాస్త గీకితే శ్రుతి దిగుతుంది, సరిచేద్దామా అన్నాను.

"వద్దురా. రేపు ఇంకో శ్రుతిలో పాడినోడొస్తే ఏటి సేత్తాం?"