మనవాడి బొమ్మేది?

కెప్టెన్ ఐర్ మాస్సీ షా పేరు మనకు తెలియకపోయినా, విక్టోరియా కాలపు లండన్‌లో ఆయన పెద్ద స్టారు. 1861లో టూలీ స్ట్రీట్ అగ్నిప్రమాదంలో గోడ కూలి లండన్ అగ్నిమాపక దళాధిపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ చనిపోతే, ఆ కుర్చీలోకి వచ్చి మూడు దశాబ్దాలు మంటలార్పించాడు. 1882లో ‘అయోలాంతె’ సంగీత నాటకంలో ఆయన పేరు పాటకెక్కింది. వ్యానిటీ ఫెయిర్ పత్రిక కార్టూన్ గీసింది. ఆ బొమ్మ ఇవాళ గ్రీటింగ్ కార్డు. బాగుంది, మరి ఇక్కడ మంటలార్పే మనవాడి బొమ్మేది? వేసవిలో మార్కాపురం పల్లెల్లో గడ్డివాము అంటుకుంటే ఎర్రబండి వచ్చేదాకా అందరి కళ్లూ రోడ్డు మీదే. గిద్దలూరు పక్క నల్లమల అంటుకుంటే ఆ బండి కొండెక్కదు. పచ్చికొమ్మ విరిచి, పొగకు కళ్లెర్రబడి, వేడి బూడిదలో నిలబడి మంటను బాదేవాడే దిక్కు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు పేలుళ్లలో పోయిన ఫైర్‌మెన్‌ను తలచుకుంటూ ఏటా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తాం, కరపత్రాలు పంచుతాం. వాటిలో జాగ్రత్తలుంటాయి, మనిషి ఉండడు. దండ వేసిన ఫొటో వద్దు నాకు. షాను గీసినట్టే కాస్త ఎగతాళిగా, మీసాలు పెంచి, హెల్మెట్ వంకరగా పెట్టి గీయండి. మార్కాపురంలో పలకలకు కొదవ లేదు, బలపంతో మొదలుపెట్టినా చాలు.