చేయి మారిన బంతి

బంతాటకూ నాకూ చుట్టరికం తక్కువ. ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా ఉన్నత పాఠశాలల్లో పనిచేశాను. సంధులూ సమాసాలూ, ఛందస్సూ అలంకారాలూ చెప్పుకొంటూ కాలం గడిపాను. ఆటల గంటలో నాకు అప్పగించిన పని ఒక్కటే: డ్రిల్లు మాస్టారు సెలవు పెట్టిననాడు పిల్లలు గోడ దూకకుండా చూడడం. అటువంటి నేను అమెరికాలోని ఒక చిన్న కళాశాల బాస్కెట్‌బాల్ జట్టును గురించి వ్రాయబూనితే నా పాత సహోద్యోగులు నవ్వుకొంటారని తెలుసు. నవ్వుకోనిండు. నేను వ్రాసేది ఆటను గురించి కొంత, బడిని గురించి ఎక్కువ.

మా అబ్బాయి ఉండేది నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరంలో. అక్కడికి వెళ్ళినప్పుడు మా మనవడు నన్ను కూర్చోబెట్టి ఒక పాత ఆట చూపించాడు. 2008 మార్చి 30న జరిగిన ఆట. ఒక వైపు కాన్సస్ విశ్వవిద్యాలయం, రెండో వైపు డేవిడ్‌సన్ కళాశాల. ఆ కళాశాల షార్లెట్‌కు ఉత్తరాన 20 మైళ్ళ దూరంలోనే ఉంది. 1837లో స్థాపించారు. విద్యార్థులు ఆ రోజుల్లో సుమారు 1,700 మంది. మన దగ్గర ఒక పెద్ద జూనియర్ కళాశాలలో అంతకంటె ఎక్కువమంది ఉంటారు. అక్కడ చివరి పరీక్షలు విద్యార్థులే తమకు వీలైన వేళ ఎంచుకొని వ్రాస్తారట, గదిలో కాపలాకు ఎవరూ ఉండరట. ఆ మాట వినగానే ఆటకంటె ముందు ఆ కళాశాల మీద నాకు గౌరవం కలిగింది. ఇన్నేళ్ళు పరీక్షగదుల్లో చీటీలు ఏరినవాణ్ణి గదా!

ఆ జట్టులోని తార స్టెఫెన్ కర్రీ. తండ్రి డెల్ కర్రీ పేరుపొందిన వృత్తి క్రీడాకారుడు. అయినా కుర్రవాడు పొడవు చాలడు, ఒళ్ళు చాలదు అని పెద్ద విశ్వవిద్యాలయాలు ఉపకారవేతనమిచ్చి చేర్చుకోలేదు. తండ్రి చదివిన వర్జీనియా టెక్ కూడా, కావాలంటే ఉపకారవేతనం లేకుండా వచ్చి చేరమంది. డేవిడ్‌సన్ శిక్షకుడు బాబ్ మెకిలప్ నమ్మాడు. 2006 నవంబరులో కర్రీ ఆడిన మొదటి కళాశాల ఆటలో బంతిని 13 సార్లు ప్రత్యర్థుల పాలు చేశాడు. ఐనా మెకిలప్ అతణ్ణి పక్కన కూర్చోబెట్టలేదు. మరునాడు మిషిగన్ మీద అదే కుర్రవాడు 32 పాయింట్లు చేశాడు. మొదటి రోజు తప్పుల్ని చూసి పిల్లవాడి మీద తీర్పు వ్రాసేసే అలవాటు ఉపాధ్యాయులమైన మాకు ఎంత ఉందో నాకు తెలుసు గనుక ఈ ముచ్చట ముందుగా చెప్పాను.

ఇక 2007-08 క్రీడాసంవత్సరం. మొదట్లో అంతా ఓటమే. నార్త్ కరోలినా, డ్యూక్, యూసీఎల్‌ఏ వంటి మహాబలులతో కోరి తలపడి ఓడారు. మొదటి పది ఆటల్లో నాలుగు గెలిచారు, ఆరు పోగొట్టుకొన్నారు. తరువాత వరుసగా 25 గెలిచారు. తమ సదరన్ కాన్ఫరెన్సులో 20కి 20 గెలిచి, ఆ మీద కాన్ఫరెన్సు పోటీలోనూ నెగ్గి, జాతీయ పోటీకి వెళ్ళారు. అక్కడ ఒక్కసారి ఓడితే ఇంటికే. ఆ కళాశాల ఆ పోటీలో ఒక్క ఆటైనా గెలిచి అప్పటికి 39 ఏళ్ళయింది, 1969 తరువాత లేదు.

గొన్జాగా మీద రెండో సగంలో 11 పాయింట్లు వెనుకబడి, 82-76తో గెలిచారు. కర్రీ ఒక్కడివే 40. జార్జ్‌టౌన్ మీద 17 పాయింట్లు వెనుకబడి, 74-70తో గెలిచారు. అతడివి 30, అందులో 25 రెండో సగంలోనే. విస్కాన్సిన్ మీద 73-56. అతడివి 33. డెట్రాయిట్‌లో జరిగే ఆటలకు విద్యార్థులు వెళ్ళడానికి బస్సు, టిక్కెట్టు, బస ఖర్చులు కళాశాల ధర్మకర్తలే పెట్టుకొన్నారు. పిల్లలు వందల సంఖ్యలో తరలివెళ్ళారు. మన ఊళ్ళో తీర్థానికి బళ్ళు కట్టినట్లు ఊహించుకోండి.

ఇంతవరకు ఈ కథ ఎవరు చెప్పినా ఇలాగే చెబుతారు. ఒంటిచేత్తో గెలిపించిన వీరుడు, ఒక్కడే వందమంది పెట్టు. నా అభిప్రాయం వేరు. ఈ జట్టును గుర్తుపెట్టుకోవలసింది ఆ 40 పాయింట్లకు కాదు, ఆ చివరి ఓటమికి.

కాన్సస్‌తో ఆట చివరికి 59-57. డేవిడ్‌సన్ రెండు పాయింట్లు వెనుక. మిగిలింది 16 సెకండ్ల పైచిలుకు. బంతి కర్రీ చేతికి వచ్చింది. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు, విజయం. ఆ సంవత్సరం అతడు అటువంటివి 162 వేశాడు, అప్పటికి కళాశాల ఆటలో ఒక సంవత్సరానికి అదే రికార్డు. ప్రేక్షకులంతా లేచి నిలబడ్డారు. కాన్సస్‌వాళ్ళు ఇద్దరు అతడి మీదికి వచ్చారు. అతడు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, దారి దొరకలేదు. బంతిని జేసన్ రిచర్డ్స్‌కు అందించాడు. రిచర్డ్స్ దూరం నుంచి విసిరాడు. బంతి బుట్టకు ఎడమగా పోయింది. ఆట ముగిసింది. కాన్సస్ శిక్షకుడు బిల్ సెల్ఫ్ బతికిపోయామన్నట్లు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ కాన్సస్సే ఆ ఏడు జాతీయ విజేత అయింది.

మా మనవడు అక్కడ ఆట ఆపి, "తాతయ్యా, వాడే వేసి ఉంటే గెలిచేవాళ్ళు కదా! ఎందుకిచ్చాడు?" అన్నాడు. వాడి కంఠంలో, వాడు పుట్టకముందు జరిగిన ఆట పట్ల, నిజమైన దుఃఖం ఉంది.

"వేసి ఉంటే గెలిచేవాళ్ళని నీకెలా తెలుసురా?" అన్నాను.

"వాడు కర్రీ తాతయ్యా!"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి ప్రశ్న వల్ల కాదు, ఆ ప్రశ్న నాకు చాలా పాతది కావడం వల్ల.

రిచర్డ్స్ ఎవరో చెప్పాలి. తాను వేయడంకంటె పక్కవాడి చేత వేయించడంలో దిట్ట. ఆటకు ఎనిమిది చొప్పున అటువంటి బంతులు అందించి ఆ ఏడు దేశం మొత్తంమీద మొదటివాడుగా నిలిచాడు. కర్రీ ఆటకు సగటున 25.9 పాయింట్లు చేశాడంటే ఆ బంతుల్లో ఎన్నో రిచర్డ్స్ చేతిమీదుగా వచ్చినవే. నైజీరియా నుంచి వచ్చిన ఆండ్రూ లవ్‌డేల్, థామస్ సాండర్ వంటివాళ్ళు బుట్ట కింద ఒళ్ళు అడ్డం పెట్టి చోటు చేసి ఇచ్చినవే. ఏడాది పొడుగునా ఎవరి చేతుల నుంచి పుచ్చుకొన్నాడో, దారి మూసుకుపోయిన వేళ అతడికే తిరిగి ఇచ్చాడు. అది తడబాటు కాదు, నమ్మకం. బంతి లోపలికి పోలేదు గనుక ఇచ్చిన నిర్ణయం తప్పు అనడం, వానలు పడలేదు గనుక విత్తడం తప్పు అన్నట్లుంటుంది.

మరుసటి ఏడు, 2008 నవంబరులో, మేరీలాండ్‌లోని లొయోలా జట్టు శిక్షకుడు ఒక వింత వ్యూహం పన్నాడు. ఆటంతా ఇద్దరు కర్రీని వదలకుండా కాయాలి, బంతి అతడి చేతిలో ఉన్నా లేకపోయినా. కర్రీ ఏం చేశాడు? ఇద్దరినీ వెంటబెట్టుకొని ఒక మూలకు వెళ్ళి నిలబడ్డాడు. మిగిలిన నలుగురూ ప్రత్యర్థులు ముగ్గురితో ఆడుకొన్నారు. దేశంలో అందరికంటె ఎక్కువ పాయింట్లు చేసిన ఆ ఏడాదిలోనే, ఆ ఆటలో మాత్రం కర్రీ చేసినవి సున్న. డేవిడ్‌సన్ 78-48తో గెలిచింది. పద్మవ్యూహంలోకి దూకినవాడి కథలు మనకు బాగా ఇష్టం. వ్యూహాన్ని తన చుట్టూ కట్టించుకొని, తాను కదలకుండా, తనవాళ్ళకు మైదానం ఖాళీ చేసినవాడి కథ మనం చెప్పుకోం.

ఇప్పుడు నా కథ. చాలా ఏళ్ళ నాటి మాట. మా పాఠశాల జట్టు జిల్లాస్థాయి సాహిత్య ప్రశ్నపోటీ చివరి దశకు చేరింది. నలుగురు పిల్లలు. అందులో ఒకడు అసాధ్యుడు. ఏ పద్యం మొదలుపెట్టినా అందుకొనేవాడు, ఏ కవి అడిగినా కాలంతో సహా చెప్పేవాడు. నిబంధన ప్రకారం నలుగురిలో ఎవరైనా జవాబు చెప్పవచ్చు. నేను మాత్రం మిగిలిన ముగ్గురినీ పిలిచి, "మీరు నోరు జారకండి. వాడు చెబుతాడు. తప్పు చెబితే మార్కు పోతుంది" అన్నాను. ఆ మాట తెలివైన వ్యూహమనే అనుకొన్నాను.

చివరి ప్రశ్న వచ్చింది. "కోండ్ర అంటే ఏమిటి?" మావాడు పుస్తకాల పిల్లవాడు, పట్నంలో పెరిగినవాడు. వాడి మొహం తెల్లబోయింది. నేను ముందు వరసలో కూర్చొని ఉన్నాను. జట్టులో చివర కూర్చున్న అమ్మాయి నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు, వాడి వైపే చూస్తున్నాను. గంట మోగింది. ఓడిపోయాము.

తిరుగు బస్సులో ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. "కోండ్రంటే దున్నేటప్పుడు పొలంలో హద్దు గీసుకునే చాలు వరస మాస్టారూ. మా నాన్న రోజూ కోండ్ర వేస్తాడండి."

"తెలిస్తే చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"మీరు వద్దన్నారు కదండీ."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో అంతకంటె పెద్ద చివాట్లు నేను తినలేదు. నష్టం ఆ అమ్మాయితో ఆగలేదు. ఆ తెలివైన కుర్రవాడు ఆ తరువాత ఏ పోటీకీ పేరివ్వలేదు. "నావల్లే పోయిందండీ" అనేవాడు. జవాబులన్నీ వాడి నెత్తిన పెట్టాను గనుక ఓటమి కూడా మొత్తం వాడి నెత్తినే పడింది. పక్కనున్నవాళ్ళ నోరు కట్టేస్తే తారకు మేలు చేసినట్లు కాదు. వాడి భుజాల మీద వాడు మోయలేని కావడి పెట్టినట్లు.

కాన్సస్ ఆట తరువాత డేవిడ్‌సన్‌లో ఏ ఒక్కడూ అలా ఒంటరివాడు కాలేదని నేను అనుకోవడానికి కారణముంది. చివరి బంతిని తార ఇంకొకడికి అందించాడు, అతడు తీసుకొన్నాడు. ఓటమి ఇద్దరి చేతుల మీదుగా జట్టు మొత్తానికి పంపకమైంది. అటువంటి ఓటమిని మనిషి మోయగలడు.

"తారలు లేకుండా జట్టు నెగ్గుతుందా మాస్టారూ?" అని మీరడగవచ్చు. నెగ్గదు. కర్రీ లేకుంటే ఆ చిన్న కళాశాల పేరు నా చెవిన పడేదే కాదు. ప్రతిభ అందరిలో సమానంగా ఉంటుందని నేను ఏనాడూ పాఠం చెప్పలేదు. నా ఫిర్యాదు తారల మీద కాదు, తారను చూడగానే తక్కినవాళ్ళకు దీపం ఆర్పేసే మన అలవాటు మీద. పరీక్ష ఫలితాలు వచ్చిన మరునాడు మన దినపత్రికలు తెరవండి. పేజీ నిండా నాలుగు మొహాలు, పక్కన అంకెలు. ఆ నాలుగు మొహాల వెనుక ఎన్ని వేలమంది ఫీజులు కట్టారో, వాళ్ళేమయ్యారో ఆ ప్రకటన చెప్పదు. ఆ నలుగురు పిల్లలైనా మరుసటి ఏడు ఏ బరువు మోస్తున్నారో అంతకంటె చెప్పదు.

డేవిడ్‌సన్ మరొకటి చేసింది. కర్రీ 2009లో, ఇంకా ఒక ఏడాది చదువుండగానే, వృత్తి క్రీడలోకి వెళ్ళిపోయాడు. లోకప్రసిద్ధుడయ్యాడు. మామూలుగా ఐతే అటువంటివాడి చొక్కా అంకెను మరెవరికీ ఇవ్వకుండా గౌరవ సూచకంగా పైకి కడతారు. ఆ కళాశాల కట్టలేదు. పట్టా పుచ్చుకొన్నవాళ్ళకే ఆ గౌరవమని వాళ్ళ నియమం. ఎంతటివాడైనా నియమం నియమమే. కర్రీ కూడా అలగలేదు. 2022లో, 34 ఏళ్ళ వయసులో, సమాజశాస్త్రంలో పట్టా పూర్తిచేశాడు. ఆ ఆగస్టు 31న కళాశాలలో అతడికి పట్టా ఇచ్చి, అదే రోజు 30వ నంబరు చొక్కాను పైకెత్తారు. అతణ్ణి మొదట నమ్మిన మెకిలప్ 33 ఏళ్ళ శిక్షణ తరువాత ఉద్యోగ విరమణ చేసిందీ ఆ సంవత్సరమే.

ఇంత పేరున్న విద్యార్థికి నియమం సడలించని కళాశాలను, ఆ నియమానికి తలవంచిన విద్యార్థిని ఒక్కచోట చూడడం నా వంటి పాత బడిపంతులుకు పండగ. నా ఉద్యోగకాలంలో బాగా చదివే పిల్లవాడికి హాజరు తక్కువైతే సర్ది వ్రాసినవాళ్ళను చూశాను. ఒకటి రెండుసార్లు ఆ కలం నాదే.

మరునాడు ఉదయం మా మనవడు బంతి తీసుకొని ఇంటి ముందు ఆడుతున్నాడు. పక్కింటి పిల్లలిద్దరు వచ్చారు. ఒకడు బాగా చిన్నవాడు, బంతి బుట్ట దాకా పోవడమే లేదు. మావాడు మూడుసార్లు వరుసగా తానే వేశాడు, మూడూ పడ్డాయి. నాలుగోసారి నా వైపు చూసి, కొంచెం విసుగ్గానే, బంతిని ఆ చిన్నవాడికి ఇచ్చాడు. వాడు వేశాడు. పడలేదు. మావాడు నా వైపు "చూశావా?" అన్నట్లు చూశాడు.

చూశాను. ఆ చిన్నవాడు పరుగెత్తుకొంటూ వెళ్ళి ఆ బంతిని తానే ఏరి తెచ్చుకొన్నాడు.