టార్చిలైటుకూ వార్నిష్ కావాలి

బావి గట్టు మీద మోటారు కాలిపోతే కాయిలు మళ్లీ చుట్టిస్తాం. వార్నిష్ పోసి ఆరబెట్టకుండా మెకానిక్ అప్పజెబితే ఏ రైతైనా తీసుకుంటాడా? తీసుకోడు. మరి అదే రైతు రాత్రిపూట మడవ తిప్పడానికి చేతబట్టుకుపోయే టార్చిలైటు మాటేమిటి? దాని లోపలి బోర్డు మీద ఏ పూతా లేకపోయినా ఎవరూ అడగరు. అడగాలన్నదే నా వాదన.

మాది వ్యవసాయ కుటుంబం. టార్చి మాకు షోకు వస్తువు కాదు. గట్టు మీద ఉన్నది తాడో పామో చెప్పేది అదే. అది ఆరిపోవడం చిన్న విషయమని పట్నంలో కూర్చుని అనవచ్చు గాని, చేను మధ్య నిలబడి అనలేం.

పాతకాలపు టార్చిలో రెండు సెల్లులు, ఒక బల్బు, ఒక స్విచ్చి. చిలుము పడితే గరుకు కాగితంతో రుద్దితే సరిపోయేది. నేటి ఎల్.ఇ.డి. టార్చిలో చిన్న బోర్డు, దాని మీద దగ్గర దగ్గరగా టంకపు అతుకులు. శుద్ధమైన నీటిలో కరెంటు అంతగా పారదు. చెమటలోని ఉప్పో, ఎరువులోని లవణమో కలిస్తే బాగా పారుతుంది. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలునని మనం చదువుకున్నదే. లిథియం అయాన్ సెల్లు 3.7 వోల్టులిస్తుంది. ఇంకేముంది! ధన అతుకు దగ్గర లోహం కరిగి ఋణ అతుకు వైపు నడుస్తుంది. కొన్నాళ్లకు పచ్చటి చిలుము, వేళ్లలాంటి లోహపు పోగులు, చివరికి షార్టు.

దీనికి మందు ఉంది. పరిశ్రమల్లో ‘కన్‌ఫార్మల్ కోటింగ్’ అంటారు. అక్రిలిక్, సిలికోన్, యూరిథేన్, ఎపాక్సీ అని రకాలు. మందం సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూ. నన్నడిగితే రైతు టార్చికి అక్రిలికే మేలు. ద్రావణితో కరిగించి అతుకు మళ్లీ వేసుకోవచ్చు. ఎపాక్సీ గట్టిదే, కాని రిపేరుకు లొంగదు.

పూతకు ముందు ఫ్లక్సు మడ్డిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి ఆరబెట్టాలి. లేకుంటే దొంగను లోపల పెట్టి తలుపేసినట్టే. స్విచ్చి కాంటాక్టులకూ, సెల్లు స్ప్రింగుకూ పూత తగలరాదు. వెనిగర్ వాసన కొట్టే సిలికోన్ వాడవద్దు. ఆరేటప్పుడు అది విడిచే ఎసిటిక్ ఆమ్లమే రాగిని తినేస్తుంది.

ఒక్క హెచ్చరిక. గోడ ప్లగ్గుకు నేరుగా గుచ్చే చౌక టార్చిలు కొన్నింటిలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, కెపాసిటరుతోనే సరిపెడతారు. చార్జింగులో ఉండగా లోపలి బోర్డంతా 230 వోల్టుల లైనుకు తగిలి ఉన్నట్టే. పూత తేమను ఆపుతుంది గాని, పగిలిన డొల్లలో వేలు పెట్టినవాణ్ణి కాపాడదు. ఇలాంటి వాటిని పూతతో సరిపెట్టడం మోసం.

“ఇంత చౌక వస్తువుకు ఇన్ని హంగులా?” అంటారు కొందరు. ఏడాదికి రెండుసార్లు కొనేది చౌక ఎలా అవుతుంది? చౌక వస్తువు చేరేది పేదవాడి చేతికే. గట్టిగా ఉండాల్సింది అక్కడే.

మిత్రులారా! మన లాబొరేటరీలో బల్బు వెలగగానే ప్రయోగం అయిపోయిందనుకుంటాం. రికార్డులో సంతకం పడుతుంది. కడగడం, పూత వేయడం కూడా ప్రయోగంలో భాగం కావాలని అధ్యాపకులను కోరుతున్నాను. ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి వెళ్లేటప్పుడు పారలతో పాటు ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక పూత డబ్బా కూడా పట్టుకెళదాం. ఊరికి మన చదువు అక్కరకొచ్చే దారుల్లో ఇదొకటి.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి