అవ్వల మాటలు – చలనచిత్రములు



ప్రతి యింటను ఒక అవ్వ యుండును. ఆమె చెప్పబోవు పాతముచ్చటలను “రేపు విందము లే” యని మనము త్రోసివేయుచుందుము. ఒకనాటికి అవ్వయు నుండదు, ముచ్చటయు నుండదు. ఈ మాసమున మేము చెప్పదలచిన సంగతి యిట్టిదియే. ఇది అమెరికాలో కాపురముండిన ఫిన్లండువారి కథ.

ఫిన్లండు యూరపుఖండమున కుత్తరపు కొననున్న చలిదేశము. 19వ శతాబ్ది చివర మొదలుకొని 1914 వఱకు అచ్చటినుండి సుమారు 3 లక్షలమంది జీవనార్థమై యమెరికాకు బోయిరి. పెక్కుమందికి సొంతభూమి లేదు. దేశమా, రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. పురుషులు మిషిగన్ ఉత్తరభాగమున రాగిగనులలోను, మిన్నెసోటాలో ఇనుపగనులలోను, అడవులలోను పనిచేసిరి. పెండ్లికాని పడుచులనేకులు పట్టణములలో ధనికుల యిండ్ల పనికత్తెలైరి. గృహిణులు గనిపనివారికి వండిపెట్టి కుటుంబములను నిలిపిరి. ఆరెగాన్ రాష్ట్రమందలి ఆస్టోరియాలో 1911లో అచ్చటి ఫిన్లండు సామ్యవాదులు స్త్రీలకొఱకు స్వభాషలో “తొవెరితార్” అను పత్రికను స్థాపించిరి. అది 1930 వఱకు నడచినది. స్త్రీల పత్రిక నడపుటలోని సాధకబాధకము లెఱిగిన మాకు ఈ సంగతి ప్రత్యేకముగా ప్రీతి కలిగించినది.

తరములు మాఱినకొలది మనుమలకు తాతల భాష మఱపునకు వచ్చినది. భాష పోయినచో ముచ్చట లెట్లు నిలుచును? ఇది కనిపెట్టి మైకేల్ లౌకినెన్ అను సమాజశాస్త్రాచార్యుడు కెమేరాతో మిషిగన్ పల్లెలకు బోయి, 1982లో “ఫిన్నిష్ అమెరికన్ లైవ్స్” అను చిత్రమును దీసెను. ఇందు వేషధారులు లేరు, కల్పితకథ లేదు. ఒక్క కప్పుక్రింద మూడుతరములవారు కలిసియుండు సేద్యగాండ్ర సంసారమే కథ. దినదినము చేయు పనిలో వింత యేమున్నదని కొందఱనవచ్చును. చింకిగుడ్డలతో తివాచీ నేయుట, “సౌనా” యను ఆవిరిస్నానపు గదిని వేడిచేయుట, మనకు వంటయిల్లు వలె వారికి నిత్యకృత్యములు. పూర్వము ఫిన్లండు స్త్రీలు ఆ సౌనాలోనే ప్రసవించెడివారు. ఇట్టివాని నెఱిగినవారు పోయినపిదప ఏ గ్రంథమును వానిని పూర్తిగా చూపజాలదు.

అయితే ముచ్చటలన్నియు తీయనివి కావు. 1913లో మిషిగన్ రాగిగనుల కూలీలు సమ్మె కట్టిరి. ఆ సంవత్సరము డిసెంబరు 24వ తేదీని, కాల్యుమెట్ పట్టణమున, సమ్మెవారి పిల్లలకు ఇటాలియన్ హాలు మేడపై పండుగవిందు జరుగుచుండగా, ఎవరో “నిప్పు! నిప్పు!” అని కేకవేసిరి. నిప్పు లేదు. బెదరి పరుగెత్తినవారు మెట్లపై నొకరిపై నొకరు పడి 73 మంది మరణించిరి. వారిలో ఎక్కువమంది పసివారు. ఎక్కువమంది ఫిన్లండు జాతివారు. కేకవేసినదెవరో నేటికిని తేలలేదు. 1984లో ఆ భవనమును పడగొట్టిరి. ద్వారపు కమాను మాత్రము నిలిచినది. 2011లో వెలువడిన “1913 మాసకర్” అను చిత్రమున కెన్ రాస్, లూయీ గాల్డియెరీ అనువారు ఆ యూరి ముదుసలుల నోట ఈ సంగతిని చెప్పించిరి.

ఇచట నొక ధర్మసందేహము. ముసలితనమున నున్నవారిని పాతదుఃఖము చెప్పుమని యడుగుట న్యాయమా? మా యభిప్రాయమేమన, అడుగవలెను; కాని వినోదమునకై కాదు. ఆమె కన్నీరు పెట్టినచో కెమేరా నాపవలెను. చెప్పనన్నదానిని బలవంతపెట్టరాదు. అట్లే మంచిమాటలను మాత్రమే యేరుకొనుటయు తగదు. ఫిన్లండువారిలో చర్చికి బోవువారికిని, సామ్యవాదులకును గొప్ప వైరము లుండెను. వానిని దాచిన చిత్రము పొగడ్తయగునే గాని చరిత్ర కాదు.

వారు 1896లో హాన్‌కాక్ పట్టణమున నెలకొల్పిన సువోమి కళాశాల, తరువాత ఫిన్లాండియా విశ్వవిద్యాలయమై, 2023లో మూతపడినది. దాని కాగితముల భాండారమును ఫిన్లాండియా ఫౌండేషన్ అను సంస్థ చేపట్టి కాపాడినది. పాఠశాలలే మూతపడగా, మనుష్యుల జ్ఞాపకము మాటయేమి?

నేడు మన పిల్లలును అమెరికాలో కాపురములు చేయుచున్నారు. వారి బిడ్డలలో తెలుగు తడబడువారు కలరు. సోదరీ! మీ చేతి ఫోనులోనే కెమేరా యున్నది. ఈ సాయంకాలము పనులు తీరినపిదప అత్తగారి చెంత కూర్చుండి, “అత్తయ్యా, మీ పెండ్లినాటి సంగతులు చెప్పరా?” యని యడుగుడు. రేపటికి వాయిదా వేయకుడు.