స్ట్రోక్ తర్వాత రోబో ఫిజియో.. నిజంగా పనిచేస్తుందా? మొదటి 90 రోజులు ఎందుకంత కీలకం?

నిన్నటిదాకా బాగానే ఉన్న నాన్నకు ఉన్నట్టుండి మూతి వంకర పోయింది. కుడి చెయ్యి లేవట్లేదు. పరుగున ఆస్పత్రికి తీసుకెళ్లారు, ప్రాణాపాయం తప్పింది. వారం పది రోజుల్లో డిశ్చార్జ్ కూడా చేశారు. అసలు కష్టం మొదలయ్యేది అక్కడి నుంచే. చెయ్యి మళ్లీ లేస్తుందా? నడుస్తారా? ఎన్నాళ్లు పడుతుంది? ఎంతవుతుంది?

కొత్తగూడ, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఉండే కుటుంబాలకు ఈ ప్రశ్నలతో పాటు ఇప్పుడు మరో మాట కూడా వినిపిస్తోంది. అదే రోబోటిక్ రిహాబ్. చేతిని పట్టుకుని కదిలించే మెషీన్లు, గాల్లో వేలాడదీసి నడిపించే ట్రెడ్‌మిల్స్, కళ్లకు వీఆర్ సెట్ పెట్టి ఆడించే గేమ్స్.. చూస్తే నిజంగానే అద్భుతం అనిపిస్తుంది. మరి పరిశోధనలు ఏం చెప్తున్నాయి? డబ్బు ఎక్కడ పెట్టాలి? ఎక్కడ ఆగి ఆలోచించాలి? ఓసారి చూద్దాం.

మెదడులో ఏం జరుగుతుంది?

స్ట్రోక్ అంటే మెదడుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోవడం, లేదంటే చిట్లిపోవడం. రక్తం అందని చోట కణాలు చనిపోతాయి. అవి తిరిగి రావు. మరి చాలామంది మళ్లీ ఎలా నడుస్తున్నారు?

కొత్తగూడ ఫ్లైఓవర్ పనులు జరిగిన రోజులు గుర్తు తెచ్చుకోండి. 2023 జనవరి 1న అది ఓపెన్ అయ్యేదాకా బండ్లు ఏం చేశాయి? మెయిన్ రోడ్డు మీద దారి లేకపోతే కాలనీ సందుల్లోంచి దారి వెతుక్కున్నాయి. మొదట్లో తడబాటు.. వెళ్లగా వెళ్లగా అదే అలవాటైన దారి. మెదడు కూడా అంతే. దెబ్బతిన్న భాగం పక్కనున్న కణాలు మెల్లగా ఆ పనిని నేర్చుకుంటాయి. డాక్టర్లు దీన్ని న్యూరోప్లాస్టిసిటీ అంటారు. అయితే కొత్త దారి పడాలంటే ఒక్కసారి వెళ్తే సరిపోదు. ఒకే పనిని వందల సార్లు, శ్రద్ధపెట్టి చెయ్యాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. అమెరికా, కెనడాల్లోని 7 రిహాబ్ కేంద్రాల్లో ఫిజియో సెషన్లను గమనించిన ఓ అధ్యయనం 2009లో వచ్చింది. పడిపోయిన చేతితో పనికొచ్చే కదలికలు ఒక సెషన్‌లో సగటున ఎన్నిసార్లు చేయిస్తున్నారో లెక్కపెట్టారు. తేలింది కేవలం 32. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడులో మార్పు కనిపించింది రోజుకు వందల సార్లు చేయించినప్పుడు. అంటే ఫిజియోథెరపీ పేరుతో జరుగుతున్నదానికీ, మెదడుకు కావాల్సినదానికీ మధ్య చాలా దూరం ఉందన్నమాట.

అందుకే రోబో వచ్చింది

మనిషికి నడుం నొప్పి వస్తుంది, చేతులు లాగుతాయి. తర్వాతి పేషెంట్ బయట వెయిట్ చేస్తుంటారు. మెషీన్‌కు ఆ బాధ లేదు. వెయ్యి సార్లయినా కదిలిస్తుంది, లెక్క కూడా రాసిపెడుతుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ పెద్ద పరీక్షల్లో ఏం తేలింది?

రాటుల్స్ (బ్రిటన్, 2019): 770 మంది పేషెంట్లను మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకు రోబోతో, ఇంకో గ్రూపుకు అంతే సమయం మనుషులతో థెరపీ ఇచ్చారు. వారానికి 3 రోజులు, రోజుకు 45 నిమిషాలు, 12 వారాలు. మూడో గ్రూపుకు మామూలుగా ఇచ్చే చికిత్సే ఇచ్చారు. చెయ్యి పనితీరులో అనుకున్న మెరుగుదల సాధించినవాళ్లు రోబో గ్రూపులో 44 శాతం, మనుషులు చేయించిన గ్రూపులో 50 శాతం, మామూలు చికిత్స గ్రూపులో 42 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదని పరిశోధకులు తేల్చారు.

లీప్స్ (అమెరికా, 2011): 408 మంది. బరువును పైనుంచి మోసే ట్రెడ్‌మిల్ మీద నడిపించడం ఒకవైపు, ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించడం మరోవైపు. ఏడాది తర్వాత చూస్తే మొత్తం పేషెంట్లలో 52 శాతం మందికి నడక మెరుగైంది. ట్రెడ్‌మిల్ వాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు.

ఎవరెస్ట్ (2016): ఇది 141 మందితో వీడియో గేమ్ పరీక్ష. కొందరితో గేమ్ కన్సోల్ మీద ఆడించారు. మిగతావాళ్లతో పేకముక్కలు, డామినోలు లాంటివి ఆడించారు. రిజల్ట్ దాదాపు ఒకటే!

అంటే రోబోలు దండగా? అలా కూడా అనలేం. స్ట్రోక్ వచ్చిన మొదటి 3 నెలల్లో, అసలు నడవలేని స్థితిలో ఉన్నవాళ్లకు ఫిజియోథెరపీతో పాటు మెషీన్ సాయం కూడా ఇస్తే సొంతంగా నడిచే అవకాశం పెరుగుతుందని కోక్రేన్ సమీక్ష చెప్తోంది. ఇక్కడ ముఖ్యమైన మాట 'పాటు'. ఫిజియోకి బదులుగా కాదు.

2021 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చేసిన వేగస్ నర్వ్ స్టిమ్యులేటర్ కథ కూడా ఇదే. ఛాతీలో చిన్న పరికరం అమరుస్తారు. పేషెంట్ చెయ్యి కదిలించిన ప్రతిసారీ అది మెడ దగ్గరి నరానికి సిగ్నల్ ఇస్తుంది. 108 మందితో చేసిన పరీక్షలో ఈ పరికరం పనిచేసిన గ్రూపులో 47 శాతం మందికి, పరికరం అమర్చినా అసలు సిగ్నల్ ఇవ్వని గ్రూపులో 24 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. కానీ రెండు గ్రూపులూ 6 వారాల పాటు కష్టపడి థెరపీ చేసినవాళ్లే. పరికరం సాయం చేసింది, పని చేసింది మాత్రం పేషెంటే.

మరి 90 రోజుల లెక్కేంటి?

2021లో వచ్చిన సీపాస్ అనే అధ్యయనం ఈ విషయంలో చాలా ముఖ్యం. 72 మంది పేషెంట్లతో చేసిన ఈ అధ్యయనంలో మామూలు చికిత్సకు అదనంగా 20 గంటల చెయ్యి ట్రైనింగ్ ఇచ్చారు. కొందరికి మొదటి 30 రోజుల్లోపు, కొందరికి 2-3 నెలల మధ్య, కొందరికి 6 నెలలు దాటాక. అదనపు గంటలు ఇవ్వని గ్రూపుతో పోల్చి చూశారు. అన్నిటికన్నా ఎక్కువ లాభం కనిపించింది 2-3 నెలల మధ్య ఇచ్చినవాళ్లకు. మొదటి 30 రోజుల గ్రూపుకు కొంత లాభం. 6 నెలల తర్వాత ఇచ్చిన గ్రూపుకు చెప్పుకోదగ్గ లాభం లేదు. ఇది చిన్న అధ్యయనమే, అయినా దిశ మాత్రం స్పష్టంగా చూపిస్తోంది.

2016లో మరో పరీక్షలో స్ట్రోక్ వచ్చి 6 నెలలు దాటిన 85 మందితో ప్రయోగం చేశారు. 3,200 సార్లు చేయించినా, 9,600 సార్లు చేయించినా ఫలితంలో పెద్ద తేడా రాలేదు. అంటే ఎన్నిసార్లు చేశామన్నదే కాదు, ఎప్పుడు చేశామన్నది కూడా ముఖ్యమే.

అలాగని మొదటి రోజే లేపి నడిపించాలని తొందరపడొద్దు. 2,104 మందితో చేసిన అవర్ట్ పరీక్ష (2015) ప్రకారం, మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువ మోతాదులో నడిపిస్తే మంచి ఫలితం వచ్చే అవకాశం తగ్గింది. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్‌నే అడగాలి.

6 నెలలు దాటేసిందా? ఆశ వదులుకోవాల్సిన పనిలేదు. వేగస్ నర్వ్ పరీక్షలో పాల్గొన్నవాళ్లందరూ స్ట్రోక్ వచ్చి 9 నెలలు దాటినవాళ్లే. మెరుగుదల ఉంటుంది, కాకపోతే అదే ఫలితానికి ఎక్కువ కష్టపడాలి.

మన దగ్గర ఏం జరుగుతోంది?

కోట్ల రూపాయల విదేశీ మెషీన్లే దిక్కు అనుకోనక్కర్లేదు. ఐఐటీ హైదరాబాద్ ఇంక్యుబేషన్ నుంచి వచ్చిన స్టార్టప్ బీఏబుల్ హెల్త్, చెయ్యి వ్యాయామాల కోసం ఆర్మేబుల్ అనే పరికరం తయారుచేసింది. టేబుల్ మీద చెయ్యి జరుపుతూ స్క్రీన్ మీద గేమ్ ఆడే పద్ధతి ఇది. వేళ్లు, మణికట్టు కోసం ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ కలిసి ప్లూటో అనే చిన్న రోబోను రూపొందించాయి. నడక కోసం కేరళ కంపెనీ జెన్‌రోబోటిక్స్ జీ-గైటర్ తెచ్చింది. అది తిరువనంతపురం ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో కూడా ఉంది. కార్పొరేట్ బిల్లు కట్టలేనివాళ్లకూ మెషీన్ అందుబాటులోకి రావచ్చని దీన్నిబట్టి అర్థమవుతోంది. తెలంగాణ, ఏపీ ప్రభుత్వాలు ఆలోచించాల్సిన విషయమిది.

ఇక ఐటీ కారిడార్‌లో చాలామందికి అసలు సమస్య వేరు. కొడుకో కూతురో ఇక్కడ, అమ్మానాన్నలు ఖమ్మంలోనో శ్రీకాకుళంలోనో. రోజూ రిహాబ్ సెంటర్‌కి తీసుకెళ్లేదెవరు? ఇదే ఊళ్లో ఉన్నా, మియాపూర్ నుంచి కొత్తగూడ దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో పేషెంట్‌ను తీసుకురావడం ఎంత నరకమో తెలిసిందే.

ఇక్కడ టెక్నాలజీ నిజంగా ఆదుకునేలా ఉంది. అమెరికాలో 124 మందితో చేసిన టెలీ-రిహాబ్ పరీక్ష (2019)లో, ఇంట్లోనే స్క్రీన్ ముందు థెరపిస్టు పర్యవేక్షణలో చేసినవాళ్లకు, క్లినిక్‌కు వెళ్లి చేసినవాళ్లకు దాదాపు సమానంగా మెరుగుదల వచ్చింది. రెండు గ్రూపులకూ 36 సెషన్లు, ఒక్కోటి 70 నిమిషాలు.

అయితే జాగ్రత్త. ఇంట్లోవాళ్లకు నేర్పించి వదిలేస్తే సరిపోతుందా అని మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో, 1,250 మందితో అటెండ్ అనే పరీక్ష చేశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. 6 నెలల తర్వాత చనిపోయినవాళ్లు, లేదా ఇతరుల మీద ఆధారపడాల్సి వచ్చినవాళ్లు రెండు గ్రూపుల్లోనూ 47 శాతమే. అంటే ప్రేమ ఒక్కటే సరిపోదు. ఎంత చేయించాలి, ఎలా చేయించాలి, ఎప్పుడు మార్చాలి అని చెప్పే నిపుణులు ప్రతి వారం వెంట ఉండాలి.

డబ్బు సంగతి?

చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఆస్పత్రిలో ఉన్నంతకాలం ఖర్చు ఇస్తాయి. డిశ్చార్జ్ తర్వాత కొన్ని రోజుల ఖర్చే వస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి సాగే ఫిజియో బిల్లు ఎక్కువగా ఇంటి జేబులోంచే పోతుంది. పాలసీల్లో తప్పనిసరిగా పెట్టాలంటూ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన ఆధునిక చికిత్సల జాబితాలో రోబోటిక్ సర్జరీ ఉంది. రోబోటిక్ రిహాబ్ మాత్రం లేదు. కాబట్టి ప్యాకేజీకి సంతకం పెట్టేముందే పాలసీ తెరిచి చూడండి, బీమా కంపెనీకి ఫోన్ చేసి అడగండి.

రిహాబ్ సెంటర్‌లో అడగాల్సిన 5 ప్రశ్నలు

1. సెషన్‌లో పేషెంట్ నిజంగా కదిలే సమయం ఎంత? ఒక్కో కదలిక ఎన్నిసార్లు చేయిస్తారు?

2. మెషీన్ పక్కన థెరపిస్టు ఉంటారా, లేక కట్టేసి వెళ్లిపోతారా?

3. చేతిని మెషీనే కదిలిస్తుందా, లేక పేషెంట్ ప్రయత్నించాక సాయం చేస్తుందా? పేషెంట్ ప్రయత్నమే మెదడుకు పాఠం.

4. మెరుగుదలను ఏ పద్ధతిలో కొలుస్తారు? మొదటి రోజు స్కోర్ రాసి ఇస్తారా?

5. ఇంట్లో చేయాల్సిన వ్యాయామాల చార్ట్, వారం వారం వీడియో చెకప్ ఉంటాయా?

వీటికి సూటిగా జవాబు చెప్పే చిన్న ఫిజియో క్లినిక్, జవాబు చెప్పని పెద్ద రోబో సెంటర్ కన్నా మేలు.

చివరిగా..

మన దేశంలో ఏటా 12 లక్షలకు పైగా కొత్త స్ట్రోక్ కేసులు వస్తున్నాయని అంచనా. లక్షణాలు కనిపించగానే ఆస్పత్రికి పరిగెత్తాలని, 4.5 గంటల్లోపు ఇంజెక్షన్ పడాలని ఇప్పుడు చాలామందికి తెలుస్తోంది. ఆ తర్వాతి 90 రోజుల గురించే ఎవరూ గట్టిగా చెప్పట్లేదు.

రోజుకు 24 గంటల్లో ఫిజియో ఒక గంటే. మిగతా 23 గంటలు పేషెంట్ ఇంట్లోనే ఉంటారు. కొడుకు, కోడలు ఇద్దరూ ఆఫీసుకు వెళ్లిపోతే నాన్న చెయ్యి సాయంత్రం దాకా మంచం మీద అలాగే పడి ఉంటుంది. స్ట్రోక్ వచ్చిన ఇంట్లో ఆ మూడు నెలలు ఎవరో ఒకరికి లీవో, వర్క్ ఫ్రమ్ హోమో దొరకడం అన్నది కూడా చికిత్సలో భాగమే. కొత్తగూడ చుట్టుపక్కల కంపెనీలు, టీమ్ లీడర్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే, లక్షలు పోసి కొన్న రోబో కన్నా అదే ఎక్కువ మంది చేతుల్ని లేపొచ్చు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స, వ్యాయామాల విషయంలో న్యూరాలజిస్ట్, ఫిజియోథెరపిస్టుల సలహా తప్పనిసరి.)