పాత కారునకు పరాయి చక్రములు



ఈ దినములలో మధ్యతరగతి సంసారములలో పాత కారు కొనుట సాధారణమైనది. క్రొత్తదాని వెల నందుకొనజాలనివారు, వృద్ధులైన యత్తమామలను వైద్యుని యొద్దకు గొనిపోవుటకో, పిల్లలతో స్వగ్రామమునకు బోవుటకో, యొకరు వాడి విడిచినదానిని గొనుచున్నారు. అందులకు గావలసిన సొమ్ములో గృహిణి వేసిన చీటీ సొమ్మో, గాజులు కుదువబెట్టి తెచ్చిన సొమ్మో తరచుగా జేరియుండును. అయినను బేరమాడునప్పు డామె ప్రక్కన నుండదు. పురుషులు తలుపులు తీసి మూసి, యింజను చప్పుడు విని, రంగు చూచి సంతోషించి సొమ్ము చెల్లింతురు. బండి యింటికి వచ్చిన పిమ్మట మనకు లభించు పని యొక్కటియే: పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయల నుంచుట. ఆ నిమ్మకాయ నుంచుటకు వంగినప్పుడైనను చక్రముమీద ముద్రించియున్న యక్షరములను, అంకెలను చదువవలెనని మా మనవి. ఆ బండికి ఆ చక్రములు తగునో తగవో తెలుపు సాక్ష్య మచ్చటనే యున్నది.

లాలాగూడలో గాపురముండు మాకు చక్రముల మాట క్రొత్త కాదు. నిజాము హామీ రైల్వే కంపెనీవా రిచ్చట 1893లో కర్మాగారమును స్థాపించిరి. నేటికిని దక్షిణ మధ్య రైల్వేవారి పెట్టెలు మరమ్మతునకై యిచ్చటికి వచ్చుచున్నవి. రైలు చక్రముల విషయమున నెంతటి కట్టుబాటు గలదో యీ పేటవారికి దెలియును. పాత తరహా ప్రయాణికుల పెట్టెలలో నొకే యిరుసునకు గల రెండు చక్రములను లేతుమీద జెక్కి సరిచేయునప్పుడు వాని వ్యాసములలో అర మిల్లీమీటరునకు మించి భేద ముండరాదు. ఒకే ట్రాలీలోని చక్రములలో 5 మిల్లీమీటర్లకును, ఒకే పెట్టెలోని చక్రములలో 13 మిల్లీమీటర్లకును మించరాదు. పట్టాలమీద నడచు బండికే యింత జాగ్రత్త యుండగా, గుంటలు, మలుపులు, ఎదురు బండ్లు గల వీథులలో నడచు కారునకు దొరికిన చక్రము దొరికినట్లు తగిలించుట యెంతటి సాహసమో యూహింపుడు.

మన పెద్దలకును ఈ సంగతి తెలియనిది కాదు. ఇరుసుచివర నుండు కడశీల యూడిన యెడల బండి యెంత గట్టిదైనను పడిపోవును. దేవాసుర యుద్ధమున దశరథుని రథమునకు శీల జారిపోగా కైక తన వ్రేలు నుంచి రథమును నిలిపెనను కథ, వాల్మీకమున గానరాకున్నను, పురాణ శ్రవణములలో మనమందరము విన్నదే. రథమున గూర్చున్న స్త్రీకి చక్రముమీద దృష్టి యుండుట తగదని యే పురాణమును జెప్పలేదు.

పరాయి చక్రములు పాత కారునకు వచ్చు దారులు మూడు. మొదటిది వేడుక. వెనుకటి యజమాని సొగసునకై పెద్ద అల్లాయి చక్రములను, వెడల్పు టైర్లను దగిలించును. రెండవది లోభము. అమ్మువాడు మంచి చక్రములను దీసి వేరుగా నమ్ముకొని, మూలబడియున్నవానిని బిగించి బండి నప్పగించును. మూడవది అశ్రద్ధ. ఒక టైరు పగిలినప్పుడు ఆ కొలతది దొరకక వేరొక కొలతది తగిలించి, దానిని మరచిపోవుదురు.

మా పేటలో నొక యింటివారికి మొదటి దారిన వచ్చిన చక్రములే ప్రాప్తించినవి. అమ్మువాడు వానిని జూపియే యెక్కువ వెల చెప్పెను. బండి యింటికి వచ్చిన నాలుగవ దినముననే చిక్కులు మొదలైనవి. చక్రమును పూర్తిగా ద్రిప్పినప్పుడు మడ్గార్డులోపల నొరసికొను చప్పుడు. నిండుగా జనులు గూర్చుండగా స్పీడు బ్రేకరు దాటునప్పుడు అదే చప్పుడు. గంటకు 70 కిలోమీటర్ల వేగమున స్టీరింగు చేతిలో వణకుట. అడుగగా అమ్మినవాడు, "రోడ్లు అట్టివి, బండి దోషము కాదు" అనెను. మరుసటి వారము భద్రాచల యాత్రకు బయనము నిర్ణయమైయుండెను. వృద్ధురాలైన అత్తగారును, ఇద్దరు పిల్లలును ఆ బండిలోనే పోవలసియుండిరి.

ఆ యింటి కోడలు పంతములాడలేదు. కాగితమును పెన్సిలును దీసికొని, డ్రైవరు తలుపు దెరచి, లోపలి స్తంభమునకు అంటించియున్న చీటీని జదివెను. టైరుల కొలతను, గాలి యెంత పట్టవలెనో దానిని తయారుచేసినవారే ఆ చీటీమీద ముద్రింతురు. అందు 165/80 ఆర్ 14 అని యుండెను. చక్రములమీద 195/65 ఆర్ 15 అని యుండెను. ఆ కాగిత మామె మా యింటికి దెచ్చెను. మా పంతులుగారు లెక్కవేసి చూపిరి.

ఆ లెక్క మీకును దెలియవలెను. మొదటి యంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది టైరు ప్రక్కగోడ యెత్తు, వెడల్పులో నూటి కెంత యని. ఆర్ అనగా రేడియలు తరహా. చివరి యంకె రిమ్ము వ్యాసము, అంగుళములలో, అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు. 165లో నూటికి 80 వంతులు 132. పైనను క్రిందను గలిపి 264. 14 అంగుళము లనగా 355.6. మొత్తము చక్రపు టెత్తు 619.6 మిల్లీమీటర్లు. రెండవదానిని ఇట్లే గట్టిన యెడల 634.5 వచ్చును. ఎత్తులో భేదము సుమారు 15 మిల్లీమీటర్లు, వెడల్పులో 30. ఎత్తు పెరిగినందున మీటరు 80 చూపునప్పుడు బండి నిజముగా 82 పోవుచుండును. ఇది కొంచెమే. వెడల్పు భేదము మాత్రము మడ్గార్డు నొరయుటకు చాలును. ఒరసిన టైరు ప్రక్కగోడ కొంచెము కొంచెముగా గోసుకొనిపోయి, వేగముగా బోవునప్పు డొక్కసారిగా బ్రద్దలు కావచ్చును.

మరి వణకుటకు గారణ మేమి? టైరు దుకాణమున చక్రమును విప్పి చూడగా రిమ్ము నడిమి రంధ్రము హబ్బుకంటె పెద్దదిగా నుండెను. అది మఱియొక కంపెనీ బండి చక్రము. రంధ్రము సరిగా గూర్చుండిన చక్రము తనంతట తానే నడుమకు వచ్చును. పెద్దదైన యెడల బోల్టులే దానిని నిలుపవలసివచ్చును. అవి యొక ప్రక్కకు లాగిన యెడల చక్రము కేంద్రము దప్పి త్రిప్పుచున్నప్పుడెల్ల గదలును.

ఇంతకంటె మోసకరమైన భేద మొకటి కలదు. బోల్టులుండు వలయపు వ్యాసము బండిబండికి వేరు. ఫియట్ వారి పాలియో, పుంటో బండ్లకు నాలుగు బోల్టులు 98 మిల్లీమీటర్ల వలయముమీద నుండును. జపాను, కొరియా తరహా చిన్న బండ్లలో పెక్కింటికి 100 మిల్లీమీటర్లు. రెండే మిల్లీమీటర్ల భేదము కావున చక్రము తగిలినట్లే కనబడును, బోల్టులు బిగిసినట్లే తోచును. నిజమునకు ఒకటి సరిగా గూర్చుండి తక్కినవి వాలుగా బట్టుకొనును. నడచినకొలది సడలి, చివరకు విరుగవచ్చును. అన్ని రంధ్రములు నాలుగేగదా యని నమ్మరాదు.

ఇక ఆ యింటి కథ. వారి యదృష్టమున పేరు మార్పిడి కాగితములు రాలేదని కడపటి వాయిదా సొమ్ము చెల్లింపక నిలిపియుంచిరి. కోడలు ఆ కాగితమును, చీటీ ఛాయాచిత్రమును అమ్మినవాని ముందుంచి, "కంపెనీవారు చెప్పిన చక్రములు బిగించి యిచ్చిన నాడే తక్కిన సొమ్ము" అని నెమ్మదిగా జెప్పెను. అతడు రెండు దినములు వాదించి, మూడవ దినమున 14 అంగుళముల రిమ్ములను, సరియైన టైర్లను దెచ్చి బిగించెను. యాత్ర పదిదినము లాలస్యమైనది. అత్తగారు మొదట నసహనపడినను, విప్పిన టైరు లోపలి యంచున బడిన కోతను జూచిన పిమ్మట మరల నామాట యెత్తలేదు. సొమ్మంతయు ముందే చెల్లించియుండిన యెడల ఆ ఖర్చంతయు వారి నెత్తిమీదనే పడియుండును. కావున కొనువారు కొంత సొమ్ము నిలుపుకొనవలెను. చక్రముల కొలత నొప్పందపు కాగితములో వ్రాయించుకొనవలెను.

ఇప్పుడు మీరు చూడవలసినవాని క్రమము చెప్పెదము.

మొదట చీటీమీది కొలతను వ్రాసికొని నాలుగు టైర్లతో సరిచూడుడు. కొలత ప్రక్కన 85 టి వంటి ముద్ర యుండును. 85 అనగా ఆ టైరు 515 కిలోల బరువు మోయగలదని. టి అనగా గంటకు 190 కిలోమీటర్ల వరకు తగునని. చీటీలోగాని బండి పుస్తకములోగాని చెప్పినదానికంటె తక్కువ యంకె పనికిరాదు. ఒకే యిరుసునకు గల రెండు టైర్లు కొలతలోను, తరహాలోను, అరుగుదలలోను ఒక్కటిగా నుండవలెను.

రెండవది వయస్సు. టైరు ప్రక్కగోడమీద చిన్న గడిలో నాలుగంకెలు గలవు. 2319 అని యున్న యెడల 2019వ సంవత్సరపు 23వ వారమున దయారైనదని యర్థము. ఒక ప్రక్క గానరానిచో రెండవ ప్రక్క చూడవలెను. ఎండలో నిలిచిన రబ్బరు పాతబడి బీటలువారును. అయిదేండ్లు దాటినదానిని ఏటేట పరీక్షింపించుమనియు, పదేండ్లు దాటినదానిని గాడులు మిగిలియున్నను తీసివేయుమనియు తయారీదారులు పెక్కురు చెప్పుదురు.

మూడవది అరుగుదల. మన దేశపు మోటారు వాహన నియమముల ప్రకారము కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దక్కువ కారాదు. గాడులలో నడుమనడుమ చిన్న మెట్టలుండును. టైరు వానికి సమముగా నరిగిన యెడల దాని యాయువు తీరినది. నడుమ మాత్రమే యరిగిన గాలి యెక్కువ. రెండంచులు నరిగిన గాలి తక్కువ. ఒక్క యంచే యరిగిన చక్రముల వాలు తప్పినదని తెలిసికొని అలైన్‌మెంటు చేయింపవలెను.

నాల్గవది దిశ. కొన్ని టైర్ల ప్రక్కగోడమీద బాణపు గుర్తుండును. చక్రము ముందునకు దిరుగునప్పుడు బాణ మట్లే తిరుగవలెను. కొన్నింటిమీద బయటి ప్రక్క యని యింగ్లీషున వ్రాసియుండును. ఆ ప్రక్క బయటికే యుండవలెను. వీనిని దారుమారుగా బిగించిన వాన నీటిలో పట్టు తగ్గును.

అయిదవది నట్లు. ఇనుప చక్రపు నట్లకును అల్లాయి చక్రపు నట్లకును కూర్చుండు ముఖము వేరైయుండవచ్చును. చక్రము మార్చినప్పుడు దానికి దగిన నట్లనే యడుగవలెను. వానిని వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. చక్రము విప్పి బిగించిన పిమ్మట 50 నుండి 100 కిలోమీటర్లు నడచిన వెనుక మరల బిగి చూపించుకొనవలెను.

ఆరవది స్టెప్నీ. ఇంగ్లండునకు బడమటనున్న వేల్సు దేశమున లనెల్లి పట్టణపు స్టెప్నీ వీథిలో 1904లో అదనపు చక్రమును జేసి యమ్మిరి. ఆ వీథి పేరే మన భాషలో నిలిచిపోయినది. చక్రములు మార్చిన పాత బండ్లలో స్టెప్నీ మాత్రము మార్పబడక వేరు కొలతలో నుండుట కలదు. 2020 నుండి గాలి యొత్తిడిని దెలుపు యంత్రమును, టైరు బాగుచేయు సామగ్రియు గల కార్లకు స్టెప్నీ లేకుండుటకు నియమములు సమ్మతించినవి. మీ బండి కట్టిదో కాదో ముందే కనుగొనుడు.

తప్పు చక్రములు కనబడిన యెడల చేయవలసిన దేమి? చక్రమునకును హబ్బునకును నడుమ బిళ్లలు వేసి సర్దుదుమని కొందరు మెకానిక్కులు చెప్పుదురు. బండి కంపెనీవారు సమ్మతింపని బిళ్లలతో సర్దుకొనుటకంటె సరియైన రిమ్ములను గొనుట మేలు. నాలుగు టైర్లను గొనుటకు శక్తి చాలనిచో ఒక యిరుసునకు జతగా కొనుడు. సాధారణముగా క్రొత్త జత వెనుక చక్రములకే తగిలించుట క్షేమకరము. వానలో వెనుక చక్రములు జారిన బండిని నిలుపుట కష్టతరము. పిమ్మట బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు రెండును చేయింపుడు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము తయారీదారుల వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. పెద్ద చక్రముల వలన ప్రమాదము జరిగిన బీమావారు చిక్కులు పెట్టుటకు నవకాశము కలుగును.

మగవారి పనిలో మన ప్రవేశ మేలయని కొందరు సోదరీమణులు సంకోచింతురు. బియ్యపు మూట విప్పి, గింజ చేత బట్టి చూడనిదే వెల చెల్లింపని మనము, పిల్లలను గూర్చుండబెట్టు బండి చక్రములను జూడక యుండుట యుక్తమా? ఈ పరీక్ష కంతయు అరగంట చాలును. మీ యింటి బండి తలుపు దెరచి, ఆ చీటీలోని కొలతను రేపు ప్రొద్దుననే పద్దుల పుస్తకములో వ్రాసికొనుడు. ప్రయాణమునకు ముందొక పర్యాయము ఆ యంకెలను టైర్లతో సరిచూచి, గాలి పట్టించి, నట్లు బిగింపించి బయలుదేరుడు.