ఆరుబయలు చదువు

పర్యావరణమును తప్పనిసరి పాఠ్యవిషయముగా బోధింపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 1991లో ఆదేశించినది. పాఠములు పుస్తకములలోనికి వచ్చినవి; పిల్లలు మాత్రము గదులలోనే యుండిపోయిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 వరకు గల తరగతులవారిని 10 దినములు పుస్తకాల సంచి లేకుండ గడపుమన్నది. మరి 9, 10 తరగతుల సంగతి యేమి? చూచినదానిని గూర్చి ప్రశ్నింపగల వయస్సు వచ్చునప్పటికి పరీక్ష వచ్చి తలుపు మూయుచున్నది.

ఇపుడు జరుగుచున్నది చాలచోట్ల విహారయాత్ర మాత్రమే. బస్సులో పాటలు, పులిహోర పొట్లములు, సాయంకాలమునకు తిరుగు ప్రయాణము. అది వలదని కాదు. కాని దానికి ప్రకృతిపాఠమను పేరు చెల్లదు.

తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేటకు చేరువనున్న నేలపట్టు 1976 నుండి పక్షుల రక్షితకేంద్రము. అక్టోబరు మొదలు మార్చి వరకు గూడబాతులు అచటి కడపచెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. ఒక్కసారి పోయిన విద్యార్థికి కొమ్మలపై పక్షులు కనబడును, అంతే. అక్టోబరులో, జనవరిలో, మార్చిలో మరల మరల పోయినవాడు పక్షులు పుల్లలు మోయుటయు, ప్రళయకావేరియని మనవారు పిలిచెడి పులికాటు సరస్సునుండి చేపలు తెచ్చుటయు, పిల్లలు తల్లి నోటిసంచిలో తల దూర్చి తినుటయు, రెట్టతో సారమెక్కిన చెరువునీరు పొలములకు పారుటయు చూచును. ఆ పక్షులపై రైతునకు గల మక్కువకు కారణ మపుడు పుస్తకము చెప్పనక్కరలేదు.

ఇట్టి యాత్రలకు సామాన్యశాస్త్రోపాధ్యాయుడే పోవుట ఆచారమైనది. తెలుగు పండితుడేల పోరాదు? హంస పాలను నీటిని వేరుచేయునని వ్రాసి మార్కులు తెచ్చుకొన్న బాలుడు ఊరి చెరువులోని బుడుబుంగను గుర్తింపలేకున్నాడు. నీటికాకి, లకుముకి, గూడబాతు అను పేర్లు పల్లెవారి నోట నింకను మిగిలియున్నవి. గట్టున నిలిచి చూచినది చూచినట్లు పది వాక్యములు వ్రాయించుట, ప్రబంధములోని ఋతువర్ణనమునకు తాత్పర్యము వల్లెవేయించుటకన్న కష్టము. అందువలననే అది భాషాబోధకుని పని.

అందరికిని నేలపట్టు అందదు, అందనక్కరయు లేదు. ఊరి చెరువో, మామిడితోపో చాలును. కావలసినవి కాలపట్టికలో ఏటికి మూడు పూటలు, తలకొక నోటుపుస్తకము, చెరువు లోతెరిగిన ఊరివాడొకడు తోడు. గూళ్ల దరికి పోరాదనియు కేకలు వేయరాదనియు ముందే చెప్పవలెను. కొన్న బొమ్మలతికించి ప్రాజెక్టుల పేర నిచ్చెడి పుస్తకములకు బదులు ఈ నోటుపుస్తకములనే దిద్దవచ్చును. తేదీలు, సందేహములు, కొట్టివేతలు ఎక్కువగా నున్నదానికి ఎక్కువ మార్కులు వేయవలెను.